సైన్యంలో పాడైన పార్టును ఏం చేయాలి? కొనడమా, డిపోకా, కంపెనీకా, కాంట్రాక్టుకా

వేరుశనగకు తడి ఇవ్వాల్సిన రోజునే బోరు మోటారు కాలిపోయిందనుకోండి. రైతు ముందు ఉండేవి మూడు నాలుగు దారులే. టౌనుకు తీసుకెళ్లి రీవైండింగ్‌కు ఇవ్వొచ్చు. కొత్తది కొనొచ్చు. పక్క చేనులో ఊరికే పడున్న మోటారును అడిగి తెచ్చుకోవచ్చు. రీవైండింగ్ చవకే, అందులో అనుమానం లేదు. కానీ మెకానిక్ "ఎల్లుండి రా" అన్నాడంటే ఆ రెండు రోజుల్లో వాడిపోయే పైరు ఖరీదు ఏ బిల్లులోనూ కనపడదు. షెడ్డులో ఇంకో మోటారు పెట్టుకున్న రైతుకు ఆ దిగులు లేదు. కాకపోతే అతని డబ్బు ఏడాది పొడవునా షెడ్డులో దుమ్ము కొట్టుకుంటూ ఉంటుంది.

సైన్యాలు బాగుచేసి మళ్లీ మళ్లీ వాడుకునే విడిభాగాల లెక్కా ఇలాంటిదే, సున్నాలు ఎక్కువ అంతే. ఫిల్టర్లు, సీళ్లు, బోల్టుల వంటివి ఒకసారి వాడి పారేస్తారు. రాడార్ బాక్సు, హైడ్రాలిక్ పంపు, గేర్‌బాక్సు, ఇంజను, ట్యాంకు గన్నర్ చూసే సైటు లాంటివి అలా కాదు. పాడైతే విప్పి తీస్తారు, బాగుచేయిస్తారు, స్టోర్లో పెట్టి మళ్లీ ఇంకో విమానానికో బండికో బిగిస్తారు. ఇలా తిరుగుతూనే ఉంటాయి కాబట్టే వైమానిక దళంలో వీటిని రోటబుల్స్ అంటారు. స్టోర్లో ఉండే వస్తువుల సంఖ్యలో వీటి వాటా చిన్నది. విలువలో సింహభాగం వీటిదే.

వీటి ఖర్చు ఎలా అదుపు చేయాలన్న ప్రశ్న ముగ్గురి బల్లల మీదికి వస్తుంది: యూనిట్‌లో లాజిస్టిక్స్ చూసే అధికారి, ఫైలు మీద సంతకం పెట్టాల్సిన ఆర్థిక సలహాదారు, రక్షణ రిపేరు పనుల్లోకి దిగుదామా అని చూస్తున్న చిన్న పరిశ్రమ యజమాని. ముగ్గురికీ ఒకే సమాధానం సరిపోదు. ఎవరికేది నప్పుతుందో చివర్లో విడివిడిగా చెబుతాను.

## ముందు కొలబద్దలు

ధరల పట్టిక తెరిచేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న: పాడైన పార్టు విమానం నుంచి దిగిన రోజు నుంచి మళ్లీ పనికొచ్చే స్థితిలో స్టోర్‌కు చేరే రోజు దాకా ఎంతకాలం పడుతోంది? మిగతా కొలబద్దలన్నీ దీని తరువాతే. ఎందుకో ఒక ఊహాలెక్కతో చూద్దాం.

40 విమానాలున్నాయి. ఒక్కోటి నెలకు 20 గంటలు ఎగురుతుంది. ఒక్కో విమానంలో ఒక బాక్సు, సగటున 400 గంటలకోసారి పాడవుతుంది. అంటే మొత్తం 800 గంటలకు నెలకు రెండు బాక్సులు దిగుతాయి. రిపేరుకు పోయి రావడానికి ఆరు నెలలు పడితే ఏ రోజు చూసినా సగటున 12 బాక్సులు దారిలోనో, రిపేరు బల్ల మీదో, ఫైలు కిందో ఉంటాయి. సగటు 12 అంటే ఒక్కోసారి 9, ఒక్కోసారి 16. ఆ ఎత్తుపల్లాలను తట్టుకుని, నూటికి 95 సార్లు అడిగిన వెంటనే ఇవ్వగలగాలంటే 18 అదనపు బాక్సులు కావాలి. ఒక్కోటి 50 లక్షలైతే 9 కోట్లు.

ఇప్పుడు ఆరు నెలలను రెండు నెలలు చేయండి. సగటున 4 బాక్సులే బయట ఉంటాయి. అదే 95 శాతం భరోసాకు 8 చాలు. 4 కోట్లు. బాక్సు ధరను ఒక్క రూపాయి కూడా బేరమాడకుండా 5 కోట్లు మిగిలాయి.

ఈ లెక్క వెనకున్న గణితం పాతదే. స్వీడన్‌కు చెందిన కోనీ పామ్ అనే టెలిఫోన్ ఇంజనీరు 1938లో రుజువు చేసిన సిద్ధాంతం దీనికి ఆధారం. 1960లలో అమెరికాలోని ర్యాండ్ సంస్థలో క్రెయిగ్ షెర్‌బ్రూక్ దాన్ని వైమానిక దళం విడిభాగాలకు అన్వయించి మెట్రిక్ అనే పద్ధతి తయారుచేశాడు. 1968లో అది అచ్చయింది. విమానాలుండే బేస్‌లో ఎన్ని ఉంచాలి, వాటిని బాగుచేసే పెద్ద కేంద్రమైన డిపోలో ఎన్ని ఉంచాలి అని నేటికీ లెక్కకట్టే సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి మూలం అదే.

అయితే వేగం ఉచితం కాదు. పైన చెప్పిన బాక్సునే ఇంకో చోట రెండు నెలల్లో బాగుచేసి ఇస్తారు, కానీ ఒక్కోదానికి 3 లక్షలు ఎక్కువ అడుగుతారనుకుందాం. ఏడాదికి 24 రిపేర్లు, అంటే 72 లక్షలు అదనం. మిగిలిన 5 కోట్లు ఏడేళ్లలో అటే పోతాయి. ఆ విమానాలు ఇంకో ఐదేళ్లలో సెలవు తీసుకునేవైతే వేగం కొనుక్కోవడం లాభం. పాతికేళ్లు ఎగరాల్సినవైతే ఒక్కసారి బాక్సులు కొని పడేయడమే మేలు కావొచ్చు, వడ్డీ, నిల్వ ఖర్చు కలుపుకున్నా. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. వేగం అనగానే పైసలు పెట్టి కొనాల్సిందే అనుకుంటారు. ఆరు నెలల్లో స్క్రూడ్రైవర్ పట్టుకున్న సమయం ఎంతో ఒక్కసారి విడదీసి చూడండి. మిగతాదంతా ప్యాకింగ్ కోసం, రవాణా కోసం, కస్టమ్స్ కోసం, ఒక చిన్న సీలు కోసం, ఒక సంతకం కోసం ఎదురుచూపే. ఆ ఎదురుచూపును తగ్గించడానికి 72 లక్షలు అక్కర్లేదు.

మిగతా కొలబద్దలను త్వరగా చెప్పేస్తాను.

తుక్కు శాతం: రిపేరుకు పోయిన ప్రతి పదింటిలో ఎన్ని "ఇక బాగుచేయడం దండగ" అని తేలుతున్నాయి? సైన్యం భాషలో బీఈఆర్ అనేది ఇదే. మన లెక్కలో పదింటికి ఒకటి అనుకున్నా ఏడాదికి దాదాపు రెండున్నర బాక్సులు, అంటే 1.2 కోట్ల కొత్త కొనుగోలు తప్పదు. రిపేరు కాంట్రాక్టు ఎంత చవకైనా ఈ ఖర్చు దాన్ని దాటిపోగలదు.

ఆయుష్షు: విమానానికో ట్యాంకుకో మిగిలిన ఏళ్లు. పై లెక్కే దీనికి సాక్ష్యం.

డ్రాయింగులు, టెస్ట్ బెంచ్, సాఫ్ట్‌వేర్ ఎవరి చేతిలో ఉన్నాయి? ఇవి లేకుండా "మేమే చేసుకుంటాం" అనడం తాళంచెవి లేకుండా ఇల్లు కొన్నట్టే.

ఏ జేబు డబ్బు? మన దగ్గర కొత్తవి కొనే క్యాపిటల్ పద్దు వేరు, రోజువారీ నిర్వహణకు పెట్టే రెవెన్యూ పద్దు వేరు. మొత్తం మీద లాభమైన దారి కూడా తప్పు పద్దులో పడితే ఫైలు కదలదు. దీని మీద పాఠ్యపుస్తకాలు పెద్దగా మాట్లాడవు కానీ ఆఫీసులో సగం నిర్ణయాలు ఇక్కడే తేలతాయి.

## దారి ఒకటి: కొని నిల్వ పెట్టడం

అన్నిటికంటే సులువైన నిర్ణయం ఇదే, అందుకే అన్నిటికంటే ఎక్కువ దుర్వినియోగమయ్యేదీ ఇదే. కొత్త విమానం కొనేటప్పుడే కంపెనీ ఇచ్చిన సిఫార్సు జాబితా చూసి రెండు మూడేళ్లకు సరిపడా విడిభాగాలు తెస్తారు. అప్పటికి ఏ పార్టు ఎంత తరచుగా పాడవుతుందో ఎవరికీ అనుభవం ఉండదు. పదేళ్ల తరువాత స్టోర్ తలుపు తీస్తే ఒకవైపు ముట్టని పెట్టెలు, ఇంకోవైపు ఖాళీ అరలు.

కొనక తప్పని చోట షెర్‌బ్రూక్ లెక్క నేర్పే ఒక కిటుకు ఉంది. ప్రతి పార్టుకూ విడివిడిగా 95 శాతం అని గీత గీయకండి. తరువాతి లక్ష రూపాయలు ఏ పార్టు మీద పెడితే నేల మీద నిలబడ్డ విమానాల సంఖ్య ఎక్కువ తగ్గుతుందో చూసి దాన్నే కొనండి. మళ్లీ తరువాతి లక్షకు అదే ప్రశ్న. ఇలా పోతే చవక పార్టులు ధారాళంగా, ఖరీదైనవి పొదుపుగా వచ్చి చేరతాయి. అదే డబ్బుకు ఎక్కువ విమానాలు ఎగురుతాయి.

ధర విషయంలో కళ్లు తెరుచుకుని ఉండాల్సిందీ ఇక్కడే. ఒకే ఒక్క కంపెనీ తయారుచేసే పార్టుకు బేరం ఉండదు. 2019లో అమెరికా రక్షణ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ ట్రాన్స్‌డైమ్ అనే కంపెనీ నుంచి కొన్న 47 పార్టులు పరిశీలిస్తే 46 వాటిలో మితిమీరిన లాభం తేలింది. కంపెనీ 1.61 కోట్ల డాలర్లు తిరిగి ఇచ్చింది. తయారీ ఖర్చు వివరాలు అడిగే హక్కు కాంట్రాక్టులో లేకపోతే ఇలాంటిది బయటపడడమే కష్టం.

## దారి రెండు: మన డిపోలోనే బాగుచేయడం

మన దేశంలో ఈ దారి బలమైనది. వైమానిక దళానికి బేస్ రిపేర్ డిపోలున్నాయి: నాసిక్ దగ్గర ఓఝర్‌లో 11వ డిపో యుద్ధ విమానాలకు, చండీగఢ్‌లో 3వ డిపో హెలికాప్టర్లకు. సైన్యానికి బేస్ వర్క్‌షాపులు. అక్కడ పనిచేసే ఈఎంఈ (సైన్యం యంత్రాలను బాగుచేసే విభాగం) సాంకేతిక అధికారులకు చదువు చెప్పే కాలేజీ మన సికింద్రాబాద్ తిరుమలగిరిలోనే ఉంది. నౌకాదళానికి డాక్‌యార్డులు.

విశాఖపట్నంలో ఐఎన్ఎస్ ఏక్షిల కథ ఈ దారి విలువను బాగా చెబుతుంది. 2000లో మొదలైన ఈ కేంద్రం యుద్ధనౌకల గ్యాస్ టర్బైన్లను విప్పి ఓవర్‌హాల్ చేస్తుంది. మన డిస్ట్రాయర్లలో చాలావాటిని నడిపే టర్బైన్లు ఉక్రెయిన్‌లోని మికొలాయివ్ నగరంలో తయారయ్యాయి. 2022 ఫిబ్రవరిలో రష్యా దాడి మొదలయ్యాక ఆ ఊరి మీద క్షిపణులు పడ్డాయి. ప్రతి టర్బైన్‌నూ ఓవర్‌హాల్‌కు అక్కడికే పంపాల్సి ఉంటే మన నౌకల గతేమిటో ఊహించుకోవచ్చు. కొత్త విడిభాగాల కొరత ఎలాగూ తప్పదు. కానీ విప్పడం, పరీక్షించడం, మళ్లీ కూర్చడం ఇక్కడే వచ్చి ఉండడం వేరు. ఏక్షిల కట్టిన రోజున ఎవరైనా ఒక్కో ఓవర్‌హాల్‌కు అయ్యే ఖర్చును మాత్రమే విదేశీ రేటుతో పోల్చి ఉంటే, ఈ బీమా విలువ ఆ పట్టికలో ఎక్కేది కాదు.

బలహీనతలూ తక్కువేం కాదు. డిపో నడవాలంటే తగినంత పని ఉండాలి. ఏడాదికి నాలుగు పార్టుల కోసం టెస్ట్ బెంచ్ కొనడం నష్టమే. రెండోది, పని అంతా మన చేతిలో ఉన్నా ఆ పనికి కావలసిన చిన్న చిన్న సామాను విదేశం నుంచే రావాలి. వెయ్యి రూపాయల రబ్బరు రింగు కోసం కోటి రూపాయల గేర్‌బాక్సు విప్పదీసి ట్రేలో పడుకుని ఉండడం ఏ వర్క్‌షాపులో అడిగినా వినే కథే. అందుకే డిపో సామర్థ్యం పెంచాలనుకునేవారు ముందు చూడాల్సింది యంత్రాల జాబితా కాదు, చిల్లర సామాను సరఫరా.

ఇంకో దొంగ ఖర్చు ఉంది: తప్పు లేని బాక్సులు. పైలట్ ఫిర్యాదు రాస్తాడు, టెక్నీషియన్ బాక్సు మార్చేస్తాడు, డిపోలో పరీక్షిస్తే అంతా బాగానే ఉంటుంది. అసలు లోపం తీగలోనో కనెక్టర్లోనో ఉండి ఉంటుంది. ఆ బాక్సు మాత్రం మొత్తం ప్రయాణం చేసి వచ్చింది. మన 24 రిపేర్లలో ఆరు ఇలాంటివనుకుంటే రిపేరుకు పోయి వచ్చే దారిలో నాలుగో వంతు ఊరికే నిండినట్టే. ప్రతి బాక్సుకూ సీరియల్ నంబరు వారీగా చరిత్ర రాస్తే, మూడుసార్లు వచ్చి మూడుసార్లూ "లోపం లేదు" అని తిరిగివెళ్లిన బాక్సులు దొరికిపోతాయి. దీనికి కావాల్సింది ఒక రిజిస్టరు, దాన్ని తిరగేసే ఓపిక.

## దారి మూడు: తయారుచేసిన కంపెనీకే పంపడం

పార్టు పాడైనప్పుడల్లా విదేశీ కంపెనీకి పంపి బిల్లు కట్టడం. పనితనం గురించి అనుమానం ఉండదు, వారంటీ వస్తుంది, తక్కువ సంఖ్యలో పాడయ్యే పార్టులకు ఇదే సరైనది కూడా. కష్టమంతా మొదటి కొలబద్ద దగ్గరే. విప్పి చూశాక కానీ కంపెనీ రేటు చెప్పదు. రేటు వచ్చాక ఇక్కడ మంజూరు కావాలి. ఆ మధ్యలో బాక్సు విప్పేసి ఉంటుంది, అటు పని సాగదు, ఇటు వెనక్కి రాదు.

దీనికి తేలికైన మందు ముందే స్థిర రేట్ల కాంట్రాక్టు పెట్టుకోవడం: చిన్న రిపేరు ఇంత, పెద్ద రిపేరు ఇంత, పరీక్షించి లోపం లేదని తేలితే ఇంత, ఇన్ని రోజుల్లో తిరిగి రావాలి, ఆలస్యమైతే ఇంత కోత. ఇంకో పద్ధతి మార్పిడి. పాడైంది తీసుకుని వెంటనే మంచిది ఇవ్వడం. గ్యాస్ బండ మార్చుకున్నట్టే. మన లెక్క ప్రకారం ఆరు నెలలు కాస్తా రవాణా రోజులకు తగ్గుతుంది. కానీ వచ్చేది ఎన్ని గంటలు వాడిన బాక్సో, దాని లోపలి సాఫ్ట్‌వేర్ ఏ వెర్షనో చూసుకోవాలి. రహస్య సంకేతాలు, మిషన్ సమాచారం దాచుకునే బాక్సులకు మార్పిడి ఒప్పుకోకూడదు.

## దారి నాలుగు: ఫలితానికి డబ్బు కట్టే కాంట్రాక్టు

పార్టులు కొనం, రిపేరు కొనం. ఇన్ని విమానాలు ఇన్ని రోజులు ఎగిరేలా చూడండి, దానికి డబ్బిస్తాం అనే పద్ధతి ఇది. పీబీఎల్ అంటారు. వేళ్లు 1962లో ఉన్నాయి. బ్రిటన్‌లో బ్రిస్టల్ సిడ్లీ కంపెనీ వైపర్ ఇంజన్లకు ఎగిరిన గంటకు ఇంత అని వసూలు చేయడం మొదలుపెట్టింది. తరువాత రోల్స్ రాయిస్ ఆ పద్ధతిని పెద్దది చేసింది.

దీని అందం ప్రోత్సాహకాన్ని తిరగేయడంలో ఉంది. రిపేరుకు బిల్లు వేసే కంపెనీకి పార్టు పాడైతే లాభం. ఎగిరిన గంటకు డబ్బు తీసుకునే కంపెనీకి పార్టు పాడైతే నష్టం. కాబట్టి బలహీనమైన కనెక్టర్‌ను వాళ్లే మార్చేస్తారు. మన దగ్గర 2016లో 36 రఫాల్ విమానాల ఒప్పందంలో 75 శాతం విమానాలు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలన్న పీబీఎల్ షరతు ఉంది. రక్షణ కొనుగోళ్ల విధానం 2020 కూడా ఇలాంటి కాంట్రాక్టులకు చోటిచ్చింది.

నా అనుమానాలు రెండు. మొదటిది కొలత. 75 శాతం అంటే ఏమిటి? ఎవరి వల్ల నేల మీద ఉన్న రోజులను లెక్కలోంచి తీసేస్తారు? పక్షి తగిలి ఇంజను పాడైతే? స్క్వాడ్రన్ అనుకున్నదానికంటే ఎక్కువ ఎగిరితే? ఈ మినహాయింపుల పేజీలు చదవకుండా శాతం ఒక్కటీ చూసి సంతకం పెట్టకూడదు. రెండోది చేతికి దక్కేది. ఐదేళ్ల కాంట్రాక్టు ముగిసిన రోజున పాడైన తీరుల సమాచారం, రిపేరు నైపుణ్యం, పార్టుల నిల్వ అన్నీ కంపెనీ దగ్గరే ఉంటే తరువాతి ఐదేళ్ల రేటు వాళ్లు చెప్పిందే.

అమెరికా ఎఫ్-35 యుద్ధ విమానం ఈ రెండో భయానికి నిలువుటద్దం. దాని విడిభాగాలు దాన్ని కొన్న దేశాలన్నీ కలిసి వాడుకునే ఉమ్మడి నిల్వలో ఉంటాయి, చాలావరకు కంపెనీల చేతుల్లోనే. అమెరికా కాంగ్రెస్ తరఫున లెక్కలు చూసే జీఏఓ 2023లో ఇచ్చిన నివేదికల ప్రకారం ఆ ఏడాది మార్చిలో ఎగరడానికి సిద్ధంగా ఉన్నవి దాదాపు 55 శాతమే. అప్పటికి 10,000కు పైగా పార్టులు రిపేరు కోసం ఎదురుచూస్తున్నాయి. సైనిక డిపోల్లో రిపేరు సామర్థ్యం నెలకొల్పడం 12 ఏళ్లు వెనకబడింది. 2018 నుంచి కాంట్రాక్టర్ల దగ్గర పోయిన విడిభాగాలు పది లక్షలకు పైనే, విలువ 8.5 కోట్ల డాలర్లకు పైన. ప్రపంచంలోనే ఖరీదైన ఆయుధ కార్యక్రమంలో సామాను రిజిస్టరు ఎవరు రాయాలన్నది తేలలేదు!

## దారి ఐదు: ఇక్కడి పరిశ్రమతో చేయించడం

రక్షణ శాఖ 2020 ఆగస్టులో సృజన్ పోర్టల్ తెరిచి, విదేశం నుంచి తెచ్చుకుంటున్న వస్తువులను దేశంలో చేయగలరా అని పరిశ్రమలను అడగడం మొదలుపెట్టింది. చాలామంది దీన్ని కొత్త పార్టు తయారీగానే చూస్తారు. నా ఉద్దేశంలో అంతకంటే ముందు పట్టుకోవాల్సిన కొమ్మ రిపేరుకు కావలసిన చిల్లర సామాను: సీళ్లు, బేరింగులు, కనెక్టర్లు, సర్క్యూట్ కార్డులు. పైన చెప్పిన రబ్బరు రింగు కథ గుర్తుందిగా. హైదరాబాద్ బాలానగర్‌లో హెచ్‌ఏఎల్ ఏవియానిక్స్ (విమాన ఎలక్ట్రానిక్స్) డివిజన్ ఉండడం వల్ల చుట్టూ అలాంటి పని చేయగల చేతులు ఎప్పటినుంచో ఉన్నాయి.

ఇబ్బంది ధృవీకరణలో ఉంది. ఎగిరే వస్తువుకు అనుమతి రావడానికి పట్టే కాలం, ఆర్డరు పరిమాణం చిన్నదిగా ఉండడం కలిసి చిన్న పరిశ్రమను కుంగదీస్తాయి. ట్యాంకులు, ట్రక్కులు, నేల మీది రాడార్ల పార్టులతో మొదలుపెట్టడం తెలివైన పని.

## దారి కాని దారి: ఒకదాన్ని విప్పి ఇంకోదానికి

ఏ ఫైలులోనూ ఎంపికగా రాయరు కానీ అన్నిచోట్లా జరిగేది. నిలబడ్డ విమానం నుంచి పార్టు తీసి ఎగరాల్సినదానికి పెట్టడం. రెండుసార్లు విప్పాలి, రెండుసార్లు బిగించాలి, మధ్యలో ఒకటి రెండు మంచి పార్టులు విరుగుతాయి. అమెరికా నౌకాదళం, వైమానిక దళం 1996 నుంచి 2000 దాకా ఐదేళ్లలో ఇలా దాదాపు 8,50,000 సార్లు చేశాయని, అందుకు 53 లక్షల పని గంటలు అదనంగా పోయాయని జీఏఓ లెక్క తేల్చింది. అది అక్కడి టెక్నీషియన్ల ఆదివారాల్లోంచి వచ్చిన సమయం.

దీనికే పెద్దమనిషి రూపం ఒకటుంది: ఇతర దేశాలు పక్కనపెట్టిన విమానాలను పార్టుల కోసం తెచ్చుకోవడం. తయారీ ఆగిపోయిన జాగ్వార్‌ల కోసం మనం ఫ్రాన్స్ నుంచి 31 పాత విమానాల చట్రాలను తీసుకున్నాం. ఆయుష్షు చివరికొచ్చిన వాటికి ఇది నిజంగానే మంచి బేరం.

## ఒక్క చూపులో

| దారి | తిరిగి రావడానికి పట్టే కాలం | మొదటి పెట్టుబడి | ఎప్పుడు నప్పుతుంది | ఎక్కడ దెబ్బ కొడుతుంది |
|---|---|---|---|---|
| కొని నిల్వ | వెంటనే, అరలో ఉంటే | ఎక్కువ | చవక పార్టులు, ఏళ్ల తరబడి వాడేవి | డిజైన్ మారితే మూలన పడుతుంది |
| సొంత డిపో | మన చేతిలో ఉంది | చాలా ఎక్కువ | ఎక్కువ సంఖ్యలో పాడయ్యేవి, యుద్ధంలో తప్పనివి | చిల్లర సామాను, తక్కువ పని |
| తయారీ కంపెనీ | ఎక్కువ, స్థిర రేట్లుంటే కొంత నయం | తక్కువ | అరుదుగా పాడయ్యేవి | మంజూరు, కస్టమ్స్, రాజకీయాలు |
| పీబీఎల్ | కంపెనీ తలనొప్పి | తక్కువ, ఏటా ఎక్కువ | కొత్త విమానాలు, అనుభవం లేని తొలి ఏళ్లు | కాంట్రాక్టు ముగిసిన రోజు |
| దేశీయ పరిశ్రమ | అలవాటయ్యాక తక్కువ | మధ్యస్థం | చిల్లర సామాను, నేల మీది పరికరాలు | ధృవీకరణ, చిన్న ఆర్డర్లు |

## యూనిట్ నుంచి డబ్బు వసూలు చేయాలా?

ఇది వేరే రకం ఎంపిక. ఎక్కడ బాగుచేయాలన్నది కాకుండా, బాగైన పార్టు తీసుకునే యూనిట్‌కు దాని ధర తెలియాలా వద్దా అన్నది. ఉచితంగా ఇస్తే అవసరం లేకున్నా ఇండెంట్ (పార్టు కావాలని అడిగే కాగితం) పెడతారు, పాడైంది తిరిగి పంపడంలో బద్ధకిస్తారు. అమెరికా నౌకాదళం 1981లో ఓడల పార్టులకు, 1985లో విమాన పార్టులకు ఈ పద్ధతి మార్చింది. యూనిట్ తన బడ్జెట్లోంచి కట్టాలి. పాడైనది తిరిగిస్తే తక్కువ ధర, ఇవ్వకపోతే పూర్తి ధర. ఖాళీ సిలిండర్ లేకుండా నిండు సిలిండర్ కావాలంటే డిపాజిట్ కట్టమన్నట్టు.

పాడైన బాక్సులు బాగానే తిరిగిరావడం మొదలైంది. కానీ డిపో జీతాలు, కరెంటు, భవనాలు అన్నీ ఆ ధరలో కలిసేసరికి ధర పెరిగింది. ధర చూసి యూనిట్లు డిపోకు పంపడం మాని తామే ఏదోలా బాగుచేసుకోసాగాయి. డిపోకు పని తగ్గింది. ఉన్న ఖర్చును తక్కువ పార్టుల మీద పంచాల్సి వచ్చింది. ధర మళ్లీ పెరిగింది. 1980లలో అమెరికా పత్రికలు గోల చేసిన 435 డాలర్ల సుత్తి వెనక ఉన్నదీ కొంత ఇలాంటి లెక్కే. కంపెనీ ఉమ్మడి ఖర్చును అన్ని వస్తువుల మీదా సమానంగా పంచితే సుత్తి నెత్తిన కూడా ఇంజనంత భారం పడింది.

మన దగ్గర యూనిట్లకు బిల్లు వేయాలని నేను అనను. బిల్లు వేయకుండానే ప్రతి ఇండెంట్ మీద ఆ పార్టు ధర, పాడైంది తిరిగి రాకుండా గడిచిన రోజులు కనపడేలా ముద్రిస్తే చాలావరకు పని జరుగుతుంది. కమాండింగ్ ఆఫీసర్ ముందు నెలకోసారి ఆ కాగితం పెట్టండి.

## మీరు ఎవరైతే ఏది

యూనిట్ లాజిస్టిక్స్ అధికారి అయితే ఎక్కడ బాగుచేయాలన్న నిర్ణయం మీ చేతిలో ఉండదు. మీ చేతిలో ఉన్నది మొదటి పది రోజులు. పార్టు దిగిన రోజునే ప్యాక్ చేయించడం, ఫిర్యాదు వివరంగా రాయించడం, తప్పు లేని బాక్సులను పంపకుండా ఆపడం. ఖరీదైన ఇరవై పార్టులను ఎంచుకుని వాటికే ఇది పట్టుగా చేయండి, అన్నిటికీ చేయబోతే దేనికీ జరగదు.

ఆర్థిక సలహాదారు అయితే మీ ముందుకొచ్చే ప్రతి రిపేరు ప్రతిపాదనలో ఒక్క అదనపు గడి అడగండి: పార్టు పోయి రావడానికి ఎన్ని రోజులు, ఆ రోజుల వల్ల ఎన్ని అదనపు పార్టులు నిల్వ ఉంచాల్సి వస్తోంది. తక్కువ రేటు వేసిన బిడ్ నాలుగు నెలలు ఎక్కువ అడుగుతుంటే అది చవక కాదని ఆ గడి చెబుతుంది. పీబీఎల్ ఫైలు అయితే ధర పేజీ కంటే ముందు కాంట్రాక్టు ముగింపు పేజీ తెరవండి. సమాచారం, పరీక్షా పరికరాలు, నిల్వ ఎవరికి దక్కుతాయో అక్కడ రాసి లేకపోతే వెనక్కి పంపండి.

కొత్త విమానాలో నౌకలో కొనే దశలో ఉన్నవారికి నా సలహా కలగలుపు: మొదటి ఐదేళ్లు పీబీఎల్, అదే కాలంలో ఎక్కువగా పాడవుతున్న పదిహేను ఇరవై పార్టులకు సొంత డిపో, మిగతా అరుదైనవన్నీ స్థిర రేట్లతో కంపెనీకి. అన్నీ ఒకే బుట్టలో వేసి సంతకం పెట్టడం సుఖంగా ఉంటుంది, ఆ సుఖానికి బిల్లు ఆరో ఏడు వస్తుంది.

చిన్న పరిశ్రమ నడిపేవారైతే బాక్సు మొత్తం బాగుచేస్తామని బిడ్ వేయకండి. దగ్గర్లోని వర్క్‌షాపులో పని ఆగిపోయి ట్రేలలో పడున్న పార్టులు ఏ చిన్న వస్తువు కోసం ఆగాయో అడిగి జాబితా రాసుకోండి. సృజన్ పోర్టల్లో అది ఉందో లేదో ఆ తరువాత చూడొచ్చు.